నెలకి ఎంత పెట్టి ఆడొచ్చు అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. లెస్టర్‌లో గోడౌన్ ఉద్యోగం, చేతికొచ్చేది నెలకి 1,900 పౌండ్లు, మొదట్లో వారానికి 20 పౌండ్లతో ఫోన్‌లో స్లాట్లు (బటన్ నొక్కితే బొమ్మలు తిరిగే ఆట), రూలెట్ (తిరిగే చక్రంలో బంతి ఏ అంకె మీదో, ఏ రంగు మీదో ఆగుతుందని పందెం) ఆడేవాడివి, గత మూడు నెలలుగా అది నెలకి 280 దాకా వెళ్లింది. మామూలుగా ఆడేవాళ్లు బడ్జెట్ ఎలా పెట్టుకుంటారు, జీతంలో ఎంత శాతం పెట్టొచ్చు, రూలెట్‌లో ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేసే పద్ధతి పనిచేస్తుందా అని అడిగావు. చివర్లో ఏదో మాటవరసకి అన్నట్టు, పోయిన నెల రూమ్మేట్ దగ్గర 200 పౌండ్లు తీసుకున్నాననీ, ఊళ్లో ఉన్న భార్యకి ఇదేమీ తెలియదనీ రాశావు. మూడు ప్రశ్నలకీ జవాబు చెప్తాను. ఆ చివరి మాట దగ్గరికి కూడా వస్తాను, నీ విషయంలో అసలు జవాబు అక్కడే ఉంది.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఈయనెవరు చెప్పడానికి అనిపిస్తుంది. నేను యూకేకి 2009లో వచ్చాను. 2011 నుంచి ఆన్‌లైన్‌లో ఆడాను, మొదటి నాలుగేళ్లు అడ్డూ అదుపూ లేకుండా, ఆ తర్వాత ఒక లెక్క ప్రకారం. ఇప్పుడు నెలకి 20 పౌండ్లు దాటను, కొన్ని నెలలు అసలు ఆడను. కొన్నేళ్లుగా ఇలా ఇబ్బందిలో పడ్డ మనవాళ్లతో కూర్చుని, వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని, ఎక్కడ ఎంత పోయిందో లెక్క తీయడంలో సాయం చేస్తున్నాను. అలా చూసిన స్టేట్‌మెంట్లలో నాకు మళ్లీ మళ్లీ కనపడేది ఒక్కటే. బడ్జెట్ లేనివాళ్లు చాలా తక్కువ, అందరికీ మనసులో ఒక అంకె ఉంటుంది. అది మనసులోనే ఉండిపోవడం వల్ల రాత్రి పదకొండు దాటాక పనికిరాకుండా పోతుంది.

ఇక లెక్క. నువ్వు "వారానికి 20 పెట్టాను" అంటున్నది డిపాజిట్ సంగతి. కాసినో తన వాటా తీసుకునేది నీ డిపాజిట్ మీద కాదు, నువ్వు వేసే ప్రతి పందెం మీద. మన ఊళ్లో పేకాట క్లబ్బు గుర్తుందా, ఎవరు గెలిచినా ఆట ఆటకీ క్లబ్బువాడి కమీషన్ పక్కకి వెళ్లేది, తెల్లారేసరికి ఆడిన నలుగురి జేబులూ పలచబడి క్లబ్బు డబ్బా నిండేది. ఇక్కడా అంతే, కాకపోతే ఆ డబ్బా కంటికి కనపడదు. స్లాట్ మీద ఆర్‌టీపీ (ఆడేవాళ్లకి తిరిగొచ్చే వాటా) 96 శాతం అని రాసి ఉంటే, వేసిన ప్రతి పౌండులో సగటున 4 పెన్నీలు వాళ్లకి మిగులుతాయని అర్థం. నాలుగు శాతమే కదా అనిపిస్తుంది. కానీ గంటకి 500 స్పిన్లు, అంటే 500 సార్లు తిప్పి ఆడటం ఫోన్‌లో పెద్ద విషయం కాదు. స్పిన్‌కి ఒక పౌండు చొప్పున వేస్తే గంటలో 500 పౌండ్ల పందేలు వేసినట్టు, అందులో 4 శాతం అంటే 20 పౌండ్లు. నీ జేబులోంచి వచ్చింది 50 పౌండ్లే కావచ్చు, కానీ అదే డబ్బు గెలుస్తూ ఓడుతూ పదిసార్లు తిరిగింది, తిరిగిన ప్రతిసారీ కమీషన్ కట్టింది.

అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది, ఆట ఖరీదుని గంటల్లో లెక్కేయమని. అదే గంట లైవ్ రూలెట్ (నిజంగా ఒక మనిషి చక్రం తిప్పేది) టేబుల్ దగ్గర కూర్చున్నావనుకో, నిమిషానికి ఒక స్పిన్ చొప్పున 60 స్పిన్లు, స్పిన్‌కి 2 పౌండ్లు. మొత్తం పందేలు 120 పౌండ్లు. ఒకే సున్నా ఉన్న యూరోపియన్ చక్రంలో కాసినో వాటా 2.7 శాతం, అంటే గంటకి సగటున మూడు పౌండ్ల పైచిలుకు. స్పిన్‌కి స్లాట్ కంటే రెట్టింపు పందెం వేశావు, ఖర్చు మాత్రం ఆరో వంతు. తేడా చాలావరకు వేగంలో ఉంది. (రెండు సున్నాలు ఉన్న అమెరికన్ చక్రమైతే ఆ వాటా 5.26 శాతానికి వెళ్తుంది, దాని జోలికి పోవద్దు.) యూకేలో జూదాన్ని నియంత్రించే గ్యాంబ్లింగ్ కమిషన్ వేగం మీద ఇన్ని ఆంక్షలు పెట్టింది కూడా ఇందుకే. 2021 నుంచి స్లాట్‌లో ఒక్కో స్పిన్‌కి కనీసం 2.5 సెకన్లు పట్టాలి, దానంతట అదే తిరిగే ఆటో ప్లే ఉండకూడదు. 2025 నుంచి స్లాట్ స్పిన్‌కి 5 పౌండ్లకి మించి వేయకూడదు, 25 ఏళ్ల లోపు వాళ్లయితే 2 పౌండ్లే.

ఇంకో మాట, తయారుచేసే కంపెనీలు ఒకే స్లాట్ ఆటని రెండు మూడు రకాల ఆర్‌టీపీలతో ఇస్తాయి. పేరు అదే, బొమ్మలు అవే, ఒక సైట్‌లో 96, ఇంకో సైట్‌లో 94 ఉండొచ్చు. ఆట లోపల సమాచారం పేజీలో అడుగున ఎక్కడో రాసి ఉంటుంది. వాళ్ల వాటా నాలుగు శాతం నుంచి ఆరైతే నీ ఖర్చు సగానికి సగం పెరిగినట్టు. ఆడేవాళ్లలో ఇది తెరిచి చూసేవాళ్లు నాకు చాలా అరుదుగా కనిపించారు.

ఇవన్నీ సగటులే సుమా. లక్షల స్పిన్లు కలిపితే వచ్చే అంకె అది, నీ ఒక్క సాయంత్రానికి కాదు. ఒక సాయంత్రం 20 పౌండ్లు 90 అవ్వచ్చు, ఇంకో సాయంత్రం పది నిమిషాల్లో సున్నా అవ్వచ్చు. ఆ 90 అయిన రోజే ప్రమాదం, అది ఎన్నేళ్లయినా గుర్తుండిపోతుంది. సున్నా అయిన ఇరవై రోజులు గుర్తుండవు.

రెట్టింపు పద్ధతి గురించి. ఎరుపు మీద 1 పౌండు, పోతే 2, పోతే 4, ఎప్పుడో ఒకప్పుడు ఎరుపు రాకపోదు, వచ్చిన రోజు మొత్తం తిరిగొచ్చి ఒక పౌండు లాభం. వినడానికి తిరుగులేనట్టుంటుంది. వరుసగా ఏడుసార్లు పోయిందనుకో, అప్పటికి 127 పౌండ్లు పోయాయి, ఎనిమిదోది 128 వేయాలి, అదంతా ఒక్క పౌండు లాభం కోసం. ఏడుసార్లు వరుసగా పోతుందా అంటావేమో. ఒక్కో వరసకి ఆ అవకాశం దాదాపు నూటికి ఒకటి, కానీ నువ్వు ఒక్క వరసతో ఆగవు కదా. 200 స్పిన్లు ఆడితే అందులో ఒక్కసారైనా ఏడు వరసగా పోయే అవకాశం సగానికి పైనే ఉంటుంది. 200 స్పిన్లంటే ఒక శనివారం మధ్యాహ్నం. పైగా టేబుల్‌కి గరిష్ఠ పందెం అని ఒకటి ఉంటుంది, నీ బ్యాంకులో డబ్బున్నా అక్కడ ఆపేస్తారు. ఈ పద్ధతి ఎక్కువ రోజులు కొద్దికొద్దిగా గెలిపించి, ఒకరోజు మొత్తం పట్టుకుపోతుంది. ఆ ఒక్కరోజు రాకముందు వరకూ మనిషికి తనకేదో విద్య పట్టుబడిందనిపిస్తుంది, నాకూ అనిపించింది. పందేన్ని ఏ వరసలో పెంచినా తగ్గించినా ఆ 2.7 శాతం మారదు.

బోనస్ కూడా లెక్కేసి చూడు. "50 వేస్తే 50 ఫ్రీ" అంటారు. ఆ 50ని 35 రెట్లు తిప్పితేనే తీసుకోనిస్తామని షరతు ఉంటే 1,750 పౌండ్ల పందేలు వేయాలి, 4 శాతం చొప్పున సగటున 70 పోతాయి. యాభై ఉచితం కోసం డెబ్భై ఖర్చు. ఇప్పుడు యూకే లైసెన్స్ ఉన్న సైట్లు 10 రెట్లకి మించి షరతు పెట్టకూడదని నియమం వచ్చింది కాబట్టి కొంత నయం. అయినా బోనస్ అసలు పని నిన్ను అనుకున్నదానికంటే ఎక్కువసేపు కూర్చోబెట్టడం. నా ఖాతాలో బోనస్ ఆఫర్లూ, ప్రచార మెయిళ్లూ పూర్తిగా ఆపేయించుకున్నాను. సెట్టింగ్స్‌లో రెండు నిమిషాల పని.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న, మామూలు మనుషులు ఎలా ఆడతారు అని. నాకు బాగా తెలిసిన ముగ్గురి గురించి చెప్తాను.

నాతో పదేళ్లు పనిచేసిన ఒక పంజాబీ పెద్దాయన ఉన్నాడు, బ్లాక్‌జాక్ అనే పేకాట ఆడతాడు. జీతం పడ్డ మర్నాడు 60 పౌండ్లు వేరే బ్యాంకు ఖాతాకి పంపుకుంటాడు, ఆ ఖాతాకి ఓవర్‌డ్రాఫ్ట్ లేదు, జీతం ఖాతా కార్డు ఏ సైట్‌లోనూ సేవ్ చేయలేదు. శుక్రవారం రాత్రి భోజనం అయ్యాక 15 పౌండ్లు, పోతే టీవీ పెట్టుకుంటాడు. గెలిస్తే సోమవారం పొద్దున ఆ గెలిచింది జీతం ఖాతాకి వెళ్లిపోతుంది, మళ్లీ శుక్రవారానికి పాత 15 పౌండ్లే. నేను ఆయన దగ్గర నేర్చుకున్నది ఆ సోమవారం పని. ఓడినప్పుడు ఆగడం కొంతమందికి వస్తుంది. గెలిచిన డబ్బుని "కాసినో డబ్బే కదా" అనుకుని మొత్తం మళ్లీ అందులోనే పోసేవాళ్లు ఎక్కువ. గెలిచిన క్షణం నుంచి అది నీ డబ్బు, నీ ఇంటి అద్దె కట్టగల డబ్బు.

రెండో ఆవిడ తెలుగావిడే, ఆసుపత్రిలో నర్సు. స్లాట్లు ఆడుతుంది, స్పిన్‌కి 20 పెన్నీలు, ఎప్పుడూ అంతే. 10 పౌండ్లు వేసి ఫోన్‌లో నలభై నిమిషాలకి అలారం పెడుతుంది. ఒక చిన్న నోట్‌బుక్ ఉంది, తేదీ, వేసింది, తీసింది, అంతే మూడు గీతలు. రెండేళ్ల లెక్క నాకు చూపించింది, మొత్తం మీద 300 పౌండ్ల చిల్లర పోయింది. "నెలకి పదమూడు పౌండ్లు అన్నయ్యా, ఇంకా నయం, ఇది చూసే ఆడుతున్నా" అంది. ఆ పుస్తకం ఆమెకి బడ్జెట్ కంటే ఎక్కువ పనిచేసింది. ఎంత పోయిందో కచ్చితంగా తెలిసిన మనిషికి "అటూ ఇటూగా సరిపోయింది" అని తనకి తాను చెప్పుకునే వీలుండదు. నన్నడిగితే ఆడేవాళ్లలో ఎక్కువమంది నష్టాన్ని సగానికి సగం తక్కువగా చెప్తారు, అబద్ధం ఆడాలని కాదు, నిజంగా అంతే గుర్తుంటుంది.

మూడో అతను మన కుర్రాడే, సాఫ్ట్‌వేర్. ఎక్సెల్ షీట్ పెట్టాడు, ప్రతి సైట్‌లో డిపాజిట్ లిమిట్ 50 పెట్టాడు, పద్ధతంటే ఇలా ఉండాలి అనిపించింది నాకు. తర్వాత చూస్తే అతనికి ఆరు సైట్లలో ఖాతాలున్నాయి. ఒక్కో సైట్ లిమిట్ ఆ సైట్‌కే వర్తిస్తుంది, ఒకచోట లిమిట్ అయిపోగానే పక్క సైట్‌కి వెళ్లేవాడు. నెలకి 50 అనుకున్నది 300 అయ్యేది, షీట్‌లో మాత్రం ఏ సైట్ దగ్గర చూసినా లిమిట్ దాటలేదని కనిపించేది. ఆడితే ఒకే ఖాతా ఉండాలని నేను గట్టిగా చెప్పేది ఇతన్ని చూశాకే.

పందెం సైజు గురించి ఒక్కమాట. ఆ రోజుకి తెచ్చుకున్న డబ్బులో నూరో వంతు కంటే ఎక్కువ ఒక స్పిన్‌కి వేయకు. 20 పౌండ్లకి 20 పెన్నీలు. అలా అయితే కాసేపు ఆడినట్టుంటుంది, తొందరగా అయిపోయిందన్న కసి ఉండదు, ఆ కసే రెండో డిపాజిట్ వేయిస్తుంది. పోతున్నప్పుడు పందెం పెంచడం మొదలైందంటే ఆ రోజు ఆట అయిపోయినట్టే అనుకో, లేచిపో.

సమయం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన స్టేట్‌మెంట్లలో పెద్ద దెబ్బలన్నీ దాదాపు ఒకే రకం వేళల్లో ఉంటాయి. జీతం పడ్డ రాత్రి. నైట్ షిఫ్ట్ దిగి నిద్ర పట్టనప్పుడు. రెండు పెగ్గులు వేసుకున్నాక. ఇంటి నుంచి ఫోన్ వచ్చి డబ్బు అవసరం అని విన్నాక. ఈ చివరిది మనవాళ్లలో మరీ ఎక్కువ. అమ్మకి ఆపరేషన్, చెల్లి పెళ్లి, తాకట్టులో ఉన్న పొలం, ఇవి వినగానే చేతిలో ఉన్న నాలుగు వందలని రెండు వేలు చేసేద్దాం అనే ఆలోచన వస్తుంది. ఏదో అవసరానికి సంపాదించాలని ఆడే మనిషి లేవలేడు, ఆ అవసరం అతన్ని లేవనివ్వదు. సరదాకి ఆడే పంజాబీ పెద్దాయన పోగానే టీవీ పెట్టుకోగలిగాడంటే ఆయనకి ఆ 15 పౌండ్ల మీద ఏ ఆశా లేకపోవడం వల్లే.

నా కథ కూడా ఈ వేళల్లోనిదే. 2014లో ఒక శుక్రవారం 340 పౌండ్లు గెలిచి విత్‌డ్రా కొట్టాను. అప్పట్లో ఆ సైట్‌వాళ్లు మూడు రోజులు "పెండింగ్" అని ఉంచేవారు, ఆ మూడు రోజులూ పక్కనే రద్దు చేసుకునే బటన్ మెరుస్తూ ఉండేది. ఆదివారం రాత్రి నాన్నగారి మందుల ఖర్చు గురించి మా సొంత తమ్ముడు ఫోన్ చేశాడు. 340 ఏం సరిపోతుంది, 700 చేద్దాం అనుకుని రద్దు నొక్కాను. అరగంటలో పోయింది. తర్వాత క్రెడిట్ కార్డు తీశాను, తెల్లవారుజామున మూడు గంటలకి ఇంకో 600 పోయాయి. ఆ నెల మనసులో నా బడ్జెట్ 100. ఆ కార్డు అప్పు వడ్డీతో సహా తీరడానికి పద్నాలుగు నెలలు పట్టింది, ఆ పద్నాలుగు నెలలూ నాన్నగారికి పంపాల్సింది తక్కువే పంపాను. ఆయన ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. అది నేను ఇప్పటికీ మర్చిపోలేను.

"పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి" అని మనకొక సామెత ఉంది. ఉంగరం పోతే పనికొస్తుంది. ఆ రాత్రి నేను చేసింది అదే, పోయినచోటే వెతికాను. పోయిన పందెం అక్కడ లేదు తమ్ముడూ, అది ఎవరి ఖాతాలోకో వెళ్లిపోయింది. తర్వాతి స్పిన్‌కి నువ్వు ఇంతకుముందు ఎంత పోగొట్టుకున్నావో తెలియదు.

అప్పటికీ ఇప్పటికీ ఇక్కడ చాలా మారింది, అది నీకు మంచిదే. యూకే లైసెన్స్ ఉన్న సైట్లు విత్‌డ్రా కొట్టిన డబ్బుని వెనక్కి తీసుకుని ఆడనివ్వకూడదు. 2020 ఏప్రిల్ 14 నుంచి క్రెడిట్ కార్డుతో ఆడటం నిషేధం. 2025 ఫిబ్రవరి చివరి నుంచి, 30 రోజుల్లో నీ నికర డిపాజిట్లు (వేసినదాంట్లోంచి తీసుకున్నది పోగా మిగిలేది) 150 పౌండ్లు దాటితే, నువ్వు ఆర్థికంగా ఇబ్బందుల్లో ఉన్నావా అని పబ్లిక్ రికార్డుల్లో చూడాల్సిన బాధ్యత సైట్‌ది. 2025 అక్టోబర్ 31 నుంచి కొత్త ఖాతా తెరిచేవాళ్లని మొదటి డిపాజిట్‌కి ముందే లిమిట్ పెట్టుకోమని అడగాలి. ఆ లిమిట్ తగ్గిస్తే వెంటనే అమలవుతుంది, పెంచాలంటే 24 గంటలు ఆగి మళ్లీ ఒప్పుకోవాలి. ఆ 24 గంటలే దాని విలువంతా. రాత్రి రెండింటికి పెంచాలనుకున్నవాడు మర్నాడు సాయంత్రం టీ తాగుతూ పెంచాలనుకోవడం తక్కువ. అందుకే లిమిట్‌ని ఆదివారం పొద్దున, కడుపు నిండా తిని, ఆడాలన్న ఆలోచనే లేనప్పుడు పెట్టుకోవాలి. 24 గంటల నుంచి ఆరు వారాల దాకా ఖాతా మూసుకునే టైమ్ అవుట్ కూడా ఉంటుంది. నేను ప్రతినెలా జీతం పడే ముందురోజు వారం టైమ్ అవుట్ పెట్టేవాణ్ని, అద్దె, కౌన్సిల్ ట్యాక్స్, ఇంటికి పంపేది అన్నీ వెళ్లిపోయాకే ఖాతా తెరుచుకునేది.

ఇక జీతంలో శాతం. కెనడాలో ఒక జాతీయ సంస్థ 2021లో సూచనలు ఇచ్చింది, ఇంటి ఆదాయంలో, పన్నులకి ముందు లెక్కలో, నెలకి 1 శాతం మించకుండా, నెలకి నాలుగు రోజులు మించకుండా, రెండు రకాల ఆటలకి మించి అలవాటు లేకుండా ఉంటే హాని జరిగే అవకాశం తక్కువని. నీ 1,900 చేతికొచ్చేది కాబట్టి పన్నులకి ముందు సుమారు 2,300 అనుకుందాం, దాంట్లో 1 శాతం 23 పౌండ్లు. నువ్వు ఆడుతున్నది దానికి పన్నెండు రెట్లు. నువ్వు ఏదో 10 శాతమో 5 శాతమో చెప్తారని ఎదురుచూసి ఉంటావు. నేను చెప్పలేను. నా అభిప్రాయం అడిగితే అసలు శాతంతో మొదలుపెట్టడమే తప్పు. అద్దె, తిండి, ఇంటికి పంపేది, అప్పుల కిస్తీ, అవసరానికి పక్కన పెట్టేది, ఇవన్నీ పోగా మిగిలినదాంట్లోంచి సినిమాకో బయట భోజనానికో పెట్టే డబ్బు ఉంటుందే, అందులో భాగం అది. ఏమీ మిగలని నెలలో ఆ అంకె సున్నా.

ఊళ్లో మీ బావమరిది కూడా ఏదో యాప్‌లో ఆడతాడని రాశావు కాబట్టి ఇది కూడా చెప్పాలి. అక్కడి పరిస్థితి వేరు. తెలంగాణలో 2017లోనే, ఆంధ్రాలో 2020లో డబ్బు పెట్టే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు, 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి దేశమంతా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేసింది. ఆ చట్టంలో శిక్ష నడిపేవాళ్లకీ, ప్రచారం చేసేవాళ్లకీ, డబ్బు చేరవేసేవాళ్లకీ, ఆడేవాడికి కాదు. కానీ ఇప్పుడు అక్కడ వాట్సాప్‌లో నంబర్ ఇచ్చి ఆడిస్తున్నవాళ్లు ఎవరో, ఎక్కడుంటారో తెలియదు, లిమిట్ ఉండదు, గెలిచింది ఇవ్వకపోతే అడిగే దిక్కుండదు. డబ్బు ఎవరెవరి బ్యాంకు ఖాతాల్లోంచో వస్తుంది, ఆ ఖాతా మీద సైబర్ కేసు పడితే నీ ఖాతా కూడా ఫ్రీజ్ అవుతుంది. మా బంధువుల అబ్బాయికి 4,000 రూపాయల గెలుపు కోసం జీతం ఖాతా రెండు నెలలు ఆగిపోయింది. నేను ఈ జవాబులో చెప్పిన ఏ పద్ధతీ అక్కడ పనిచేయదు. మీ బావమరిదిని ఆపేయమను, ఆపలేకపోతుంటే 14416కి ఫోన్ చేయమను, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇప్పుడు నీ చివరి మాట. ఆటగాడి పరిస్థితి అంచనా వేయడానికి పీజీఎస్ఐ అని తొమ్మిది ప్రశ్నల పరీక్ష ఉంది, ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పరిస్థితి తీవ్రంగా ఉన్నట్టు. అందులో పోయింది రాబట్టుకోవడానికి మళ్లీ వెళ్లావా, ఆడటానికి అప్పు చేశావా, అదే ఉత్సాహం కోసం పెట్టే డబ్బు పెంచాల్సి వచ్చిందా, భరించలేనంత పెట్టావా, చేసినదానికి బాధపడ్డావా అని ఉంటాయి. నువ్వు అడగకుండానే నీ ప్రశ్నలో వీటిలో నాలుగింటికి అవును అని రాసేశావు. నిన్ను తప్పుపట్టడానికి కాదు తమ్ముడూ, 2014లో నన్నెవరైనా అడిగితే నేను తొమ్మిదింటికీ అవుననే వాణ్ని. కానీ ఈ స్థితిలో ఉన్న మనిషికి "నెలకి 23 పెట్టుకో" అని చెప్తే నేను నీకు హాని చేసినట్టే. పంజాబీ పెద్దాయన పద్ధతి నీకు ఇప్పుడు పనిచేయదు, ఆయన ఎప్పుడూ అప్పు చేసి ఆడలేదు. ముందు నువ్వు ఆపాలి, కొన్నాళ్లు పూర్తిగా.

ఎలా అంటే, గ్యామ్‌స్టాప్ అని ఉంది, ఉచితం, ఒక్కసారి పేరు, చిరునామా, మెయిల్ ఇస్తే బ్రిటన్‌లో లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ సైట్లన్నీ నిన్ను రానివ్వవు. ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్లు అని ఎంచుకోవచ్చు, మధ్యలో తీయించుకోలేవు. నువ్వు ఏడాది పెట్టు. పెట్టే ముందు ఖాతాల్లో ఏమైనా మిగిలి ఉంటే విత్‌డ్రా కొట్టు. తర్వాత బ్యాంకు యాప్‌లో గ్యాంబ్లింగ్ బ్లాక్ ఆన్ చెయ్, చాలా బ్యాంకుల్లో ఉంది, కొన్నింటిలో తీసేయాలన్నా 48 గంటలు ఆగాలి. ఈ రెండూ కలిపి పదిహేను నిమిషాలు పట్టదు. గ్యామ్‌స్టాప్ ఆపలేనిది ఒకటుంది, లైసెన్స్ లేని విదేశీ సైట్లు. "గ్యామ్‌స్టాప్‌లో లేని సైట్" అనే ప్రకటనలు నీకు కనపడతాయి, అవి సరిగ్గా నీలాంటి స్థితిలో ఉన్నవాళ్ల కోసం పెట్టినవే, అక్కడ నేను పైన చెప్పిన రక్షణలు ఒక్కటీ ఉండవు.

మాట్లాడాలనిపిస్తే 0808 8020 133, గ్యామ్‌కేర్ నడిపే హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ ఉంటుంది, ఉచితం. మొదటిసారి నేను ఫోన్ చేసి ఏం మాట్లాడాలో తెలియక పెట్టేశాను, రెండోసారి నలభై నిమిషాలు మాట్లాడాను.

భార్యకి చెప్పే విషయం నీ ఇష్టం, నేను ఒత్తిడి చేయను. నేను మా ఆవిడకి చెప్పడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆవిడ కోపం రెండు వారాలుంది, తర్వాత ఏడాది పాటు జీతం ఖాతా తనే చూసుకుంది, నాకు ఆ ఏడాది ఎంత తేలిగ్గా గడిచిందో మాటల్లో చెప్పలేను. చెప్పేటప్పుడు మొత్తం అంకె ఒకేసారి చెప్పు, సగం చెప్పి మిగతాది నెల తర్వాత చెప్తే మొదటిది కూడా నమ్మరు. చెప్పే ముందు మూడు నెలల స్టేట్‌మెంట్ తీసి వేసింది ఒక వైపు, తీసింది ఒక వైపు కలిపి చూసుకో, నువ్వు రాసిన 280 నిజమో కాదో కూడా అప్పుడు తెలుస్తుంది.

రూమ్మేట్ 200 పౌండ్లు జీతం పడిన రోజే ఇచ్చేయ్, మొత్తం కుదరకపోతే వంద ఇచ్చి మిగతా వంద తేదీ చెప్పు. ఈ రాత్రికి గ్యామ్‌స్టాప్ ఒక్కటి చెయ్, మిగతావి రేపు పొద్దున చూసుకోవచ్చు. స్టేట్‌మెంట్ లెక్క దగ్గర ఎక్కడైనా ఆగిపోతే నాకు రాయి, శనివారం ఖాళీగా ఉంటాను, ఇద్దరం కలిసి చూద్దాం.